సోమవారం దాటని ఇల్లు

ఇస్రాయేలు సారు ఇంట్లో ఇంకా పోయిన ఏడే నడుస్తోందని నాగులమ్మ అన్నదట. బోరింగు దగ్గర బిందె నింపుకుంటూ ఆ మాట విన్న బిక్షమ్మ, బిందె ఇంట్లో దించకముందే సారు గడప ముందుకొచ్చి నిలబడింది.

"నేనన్నది కాదు సారూ, మళ్ల నా మీదికి రావద్దు. నాగులమ్మ అంటాంది. నల్లగొండ నుంచి మీరు తెప్పిచ్చిన కంప్యూటరు డబ్బా లేవంగనే తేదీ అడుగుతదట గద. ఏ తేదీ చెప్తే గా తేదీల్నే ఉంటదట. సుక్కమ్మక్క పోయినేటి తేదీ చెప్పి, పోరనికి పళ్లెంల బువ్వ పెడతాందట. నిన్న మీ దండెం మీద మూడు తువ్వాలలు తడిగున్నయట. ఇంట్ల తానం జేసెటోళ్లు ఇద్దరాయె, మూడోది ఎవలిదని..."

"నాగులమ్మకు మా తువ్వాలలు లెక్కవెట్టే పనేంది?"

"గదే నేను గూడ అన్న సారూ!" అన్నది బిక్షమ్మ. అంటూనే సారు భుజం మీదుగా మెడ సాచి దండెం వైపు చూసి, బిందె సర్దుకుని పోయింది.

ఆమె సందు తిరిగేదాకా ఆగి, సారు కూడా దండెం వైపు చూశాడు. రెండు తువ్వాలలే ఉన్నాయి. దగ్గరికి పోయి దండేన్ని చేత్తో తడిమాడు. మూడో తువ్వాల వేసి తీసినంత మేర తాడు తడిగా ఉంది.

ఇస్రాయేలు సారు కేతేపల్లి బడిలో ముప్ఫయ్యేళ్లకు పైగా చిన్న తరగతుల పిల్లలకు చదువు చెప్పి, ఆ ఎండాకాలమే రిటైరయ్యాడు. ఊళ్లో సగం మందికి పుట్టినరోజు ఇచ్చింది ఆయనే. పిల్లవాణ్ని బడిలో వేయడానికొచ్చిన తల్లిని ఎప్పుడు పుట్టాడని అడిగితే, చెరువు కట్ట తెగిన ఏడనో, పీర్ల పండుగకు రెండు రోజుల ముందనో చెప్పేది. రిజిస్టరులో ఆ మాటలు రాయడానికి గడి లేదు. అందుకని సారు పిల్లవాణ్ని ఎదురుగా నిలబెట్టి, కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవాడు. చెవి అందితే అయిదేళ్లు నిండినట్టు. వెనక్కి లెక్కగట్టి జూన్ పది అని రాసేవాడు. అట్లా ఊరంతా జూన్ పదినే పుట్టింది.

కొడుకు ఏలియాకు చెవి అందలేదు. వేళ్లు నడినెత్తి దాటి కొంచెం కిందికొచ్చి ఆగిపోయాయి. పిల్లవాడు మెడ వంచి, నాలుక కొరుక్కుని ఎంత సాచినా ఆగినచోటే ఆగాయి. ఇంట్లో వదిలితే తల్లిని పనికి పోనివ్వడం లేదు, రోజూ సైకిలు ముందు కూర్చోబెట్టుకుని తన వెంటే తీసుకుపోవచ్చని సారు నవ్వుతూ "అందింది" అన్నాడు. డెబ్బయ్యెనిమిది ఆగస్టులో పుట్టిన పిల్లవాణ్ని డెబ్బయ్యేడు జూన్ పది అని రాశాడు. ఊళ్లో అందరూ చేసే పనే. ఎవరికీ ఏమీ కాలేదు.

కాగితం మీద పద్దెనిమిది నిండగానే ఏలియాకు కరంటు స్తంభాలెక్కే పని దొరికింది. ఒక గుత్తేదారు కింద పని. అసలు వయసైతే ఇంకా పదిహేడే. తొంభయ్యారు మే ఇరవై ఒకటి, మంగళవారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు అతను తీగ మీద చెయ్యి వేశాడు. లైను తీశామని చెప్పినవాళ్లున్నారు. మళ్లీ వేసిందెవరో ఈనాటికీ తేలలేదు.

ఆ రోజు నుంచి తల్లి సుక్కమ్మ ఇంట్లో ఏ స్విచ్చూ ముట్టుకోలేదు. బల్బు వేయాలన్నా ఆర్పాలన్నా సారు లేవాల్సిందే. ఆయన ఇంట్లో లేకపోతే చీకట్లోనే కూర్చునేది. కొడుకు ఖాకీ అంగీ మీటరు బోర్డు పక్కన మేకుకు వేలాడుతూనే ఉంది. దాన్ని ఉతకలేదు, తీయలేదు. ఏలియాకొక అలవాటుండేది. ఇంట్లో చిన్న బల్బు మార్చాలన్నా ముందు బోర్డు నుంచి, ఇంటికి కరంటు కలిపే తెల్లటి పింగాణీ ఫీజు ఊడబెరికి జేబులో వేసుకునేవాడు. "నా జేబుల ఉంటే ఇంకోడు ఏసెటందుకు లేదే అవ్వా" అని తల్లితో అనేవాడు. పని మీద కూడా అట్లాగే చేసేవాడు. ఆ మంగళవారం తీయాల్సిన ఫీజు మాత్రం అతని చేతికందే చోట లేదు.

కంప్యూటరు తెచ్చింది కూతురు రాహేలు కోసం. నల్లగొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది, కాలేజీలో కంప్యూటరు ఒక సబ్జెక్టు, ఆదివారాలు ఇంటికొచ్చినప్పుడు నేర్చుకుంటుందని. నల్లగొండలో గడియార స్తంభం దగ్గర రేడియోలు, టీవీలు బాగుచేసే నూరుద్దీన్, తానే సామాను కూర్చి బిగించి, బస్సు మీద వేసుకొచ్చాడు. అతను సారు దగ్గర అక్షరాలు దిద్దినవాడే.

"నాక్గూడ జూన్ పదే సార్, మీరిచ్చిందే," అని నవ్వుతూ తీగలు కలిపాడు. "ఇగ దీంట్ల ఏ సిస్టం ఏయాల్నో మీరే చెప్పాలె. రెండున్నయ్. డాసంటే నల్లగుంటది. చెప్పింది చేస్తది, చెప్పంది చెయ్యది. విండోసంటే బొమ్మలు, రంగులు, పట్టుకొని తిప్పెటందుకు ఎలుక. మనల్ని ఏం అడగది, దాన్దే అది చూసుకుంటది."

"పిల్లకు ఏది మంచిదైతే గది ఎయ్యి."

"పిల్లకైతే విండోసే. కాని గా సీడీ ఒక సేటు కాడున్నది, వారం పడ్తది. గప్పటిదాంక డాసుతోటి నడిపిచ్చుండ్రి, నచ్చితే గదే ఉంచుకుందురు. ఇంకొకటి సార్, దీని లోపలి బ్యాటరీ సచ్చింది. శాన దినాలు షాపుల్నే పడుండె. అందుకని కరంటు పోయి వచ్చినప్పుడల్లా ఇయ్యాల ఏ తారీకని అడుగుతది. మతి తప్పిన ముసలోడనుకోండ్రి. మీరు చెప్పుండ్రి, ఒప్పుకుంటది. వచ్చినప్పుడు బ్యాటరీ గూడ తెస్త."

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఇప్పుడు మంగళవారం, పందొమ్మిది వందల ఎనభై జనవరి ఒకటి అని ఇంగ్లీషులో చెప్పి, కొత్త తేదీ చెప్పమని అడిగి, ఒక చిన్న గీత టుకుటుకుమంటూ ఎదురుచూసింది. తలుపు దగ్గర నిలబడిన సుక్కమ్మ అదంతా చూసింది.

"ఏమంటాంది?" అన్నది.

"తేదీ అడుగుతాందే."

"దానికి తెల్వదా?"

"తెల్వదట. మనం ఏది చెప్తే గదే."



మరునాడు కరంటు పోయింది. ఆ రోజుల్లో కరంటు పోవడం చెప్పుకునేంత సంగతి కాదు. పగలు మూడుసార్లు, నాలుగుసార్లు పోయేది. గంటకు వచ్చేది, ఒక్కోసారి మోటార్ల కోసం మాత్రమే వచ్చి వెళ్లేది. సారు యంత్రం స్విచ్చును వేసే ఉంచేవాడు, కరంటు వస్తే దానంతటదే లేచేది. లేవగానే అడిగేది.

సుక్కమ్మ పెద్దయ్యాక అక్షరాస్యత బడిలో అంకెలు నేర్చుకుంది. ఆదివారం రాహేలు వచ్చి మీటల మీద చేతులాడిస్తుంటే పక్కన పీట వేసుకుని కూర్చుంది. కరంటు పోయి వచ్చింది. యంత్రం అడిగింది. "నేను కొడ్తనే," అని ఒక్కొక్క మీటా వెతికి నొక్కింది. ఇరవై, అయిదు, తొంభయ్యారు. అది తప్పని చెప్పి మళ్లీ అడిగింది.

"అవ్వా, దీనికి నెల ముందట చెప్పాలె, దినం ఎన్క," అన్నది రాహేలు. చెప్పాక తల్లి నొక్కిన అంకెలు చూసింది. ఏలియా పోయిన దినానికి ముందు దినం.

సుక్కమ్మ అయిదు, ఇరవై, తొంభయ్యారు అని కొట్టింది. యంత్రం ఒప్పుకుంది. తర్వాత గంట అడిగింది. ఆరు అని కొట్టింది. ఏలియా లేచి చాయ తాగే వేళ.

"ఒప్పుకున్నదా లేదా ఎట్ల తెలుస్తది?" అనడిగింది.

రాహేలు మనసొప్పకుండానే తేదీ చూపించే మాట కొట్టింది. తెర మీద తేదీతోపాటు సోమవారం అని వచ్చింది.

సుక్కమ్మ చాలాసేపు ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలను చూసింది. "సోమవారమని మనం చెప్పలే గద. దానికెట్ల తెల్సు?"

"లెక్కగడ్తదే అవ్వా."

"లెక్క గాదు బిడ్డా. ఆడ ఉన్నది కాబట్టి తెల్సు."

అప్పటినుంచి మొదలైంది. కరంటు వచ్చిన చప్పుడు వినగానే, పొయ్యి మీద ఎసరున్నా, చేతిలో చాట ఉన్నా వదిలి వచ్చి, ఆ అంకెలు కొట్టి, మూడో పళ్లెం కడిగి పెట్టేది. పళ్లెంలో అన్నం మధ్యాహ్నానికి సగం తగ్గేది. ఆమే తింటోందని సారు అనుకున్నాడు. ఒకనాడు ఆమెకు జ్వరమొచ్చి పొద్దుటినుంచి గుక్కెడు నీళ్లు తప్ప ముట్టలేదు. ఆ రోజూ సగం తగ్గింది. కుక్క అనుకున్నాడు. వాళ్ల వాకిట్లోకి కుక్క వచ్చి ఏడాది దాటిందని కాసేపటికి గుర్తొచ్చింది.

సారు భయం తువ్వాల గురించి, అన్నం గురించి కాదు. సుక్కమ్మ మెల్లగా ఆ సోమవారంలోకి పోయి అక్కడే ఉండిపోయేటట్టుంది. పేరు పెట్టి పిలిస్తే దూరంనుంచి పలికినట్టు పలుకుతోంది. కొడుకు పోయాడు, ఇప్పుడు మనిషి కూడా పోతోంది. దీనికి మందు ఒకటే. తేదీ అడగని సిస్టం వేయించాలి. బ్యాటరీ పెట్టించాలి. అందరి తేదీ ఏదో అదే ఈ ఇంట్లోనూ ఉండాలి. టెలిఫోను బూతుకు పోయి నూరుద్దీన్‌కు ఫోను చేసి "జల్ది రా" అని చెప్పాడు.

చెప్పి ఇంటికొచ్చేసరికి సుక్కమ్మ చర్చి ఊడవడానికి పోయింది. అప్పుడే కరంటు వచ్చింది. యంత్రం లేచి, మంగళవారం అని తనకు తెలిసిన ఒక్క వారమూ చెప్పి, కొత్త తేదీ అడిగింది. సారు దాని ముందు కూర్చున్నాడు. ఆవేళటి తేదీ కొట్టి తెగ్గొట్టేద్దామనుకున్నాడు. గీత టుకుటుకుమంటోంది. ముప్ఫయ్యేళ్లు రిజిస్టరు ముందు కూర్చుని ఊరికి తేదీలు రాసినవాడు, అయిదు, ఇరవై, తొంభయ్యారు అని తానే కొట్టాడు. ఎందుకు కొట్టాడో ఆయనకే తెలియదు. బిక్షమ్మ చెప్పిన మూడో తువ్వాల తడిసింది ఆ రోజే.

నూరుద్దీన్ వస్తానన్న రోజుకు ముందునాడు పొద్దున పదకొండు గంటలకు కరంటు వచ్చింది. సుక్కమ్మ ఎప్పటిలాగే తేదీ చెప్పింది, ఆరు గంటలంది. ఆ వచ్చిన కరంటు ఇక పోలేదు. సాయంత్రం పోలేదు, తెల్లారినా పోలేదు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారని, ఇక కోతలుండవని ఊరంతా సంబరపడింది. నాగులమ్మ ఇంట్లో రేడియో పొద్దుటినుంచి ఆగకుండా మోగుతోంది.

సుక్కమ్మ పొద్దుట లేవగానే యంత్రం ముందు పీట వేసుకుని కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు. ఒడిలో ఖాళీ పళ్లెం పెట్టుకుంది. సారు తేదీ చూపించే మాట కొట్టాడు. మంగళవారం అని వచ్చింది. అయిదు, ఇరవై ఒకటి, తొంభయ్యారు.

లెక్క కట్టుకున్నాడు. బయటి మూడు గంటల ఇరవై నిమిషాలకు లోపల, ఏలియా తీగ మీద చెయ్యి వేసిన పది గంటల ఇరవై నిమిషాలవుతాయి. గోడ స్విచ్చు ఆయన చేతికందేంత దూరంలోనే ఉంది. ఒక్క వేలితో నొక్కి ఆర్పితే మళ్లీ సోమవారం పెట్టుకోవచ్చు. కానీ ఆర్పకూడదనుకున్నాడు. ఆ గడియ వస్తుంది, పోతుంది, ఏమీ కాదు. కాలేదని ఆమె కళ్లతో చూస్తే ఈ పిచ్చి వదులుతుంది. తన భార్య తనకు దక్కుతుంది.

మధ్యాహ్నం దాటింది. ఇద్దరూ అన్నం తినలేదు. సుక్కమ్మ కదల్లేదు. నీళ్లకు కూడా లేవలేదు. సారు మాటిమాటికీ గంట చూపించే మాట కొట్టి చూస్తున్నాడు. తొమ్మిది యాభై. పది అయిదు.

"గా దినం గీ యాళ్లకు నువ్వేడున్నవ్?" అన్నది సుక్కమ్మ, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

"నల్లగొండల. పరీచ్చ కాయితాలు దిద్దుతున్న."

"నేను కందిపప్పు చెరుగుతున్న. నాకేం తెల్వలే. చెయ్యి గూడ ఆగలే."

పది పదిహేను. సారు ఇదంతా అంకెలేనని తనకు తాను చెప్పుకున్నాడు. పది పద్దెనిమిది. ఇంటి వెనక ఎక్కడో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. ఊళ్లో వంద సైకిళ్లున్నాయి. సుక్కమ్మ పళ్లేన్ని రెండు చేతులతో పట్టుకుంది. సారు చెయ్యి దానంతటదే గోడ స్విచ్చు వైపు లేచి, సగం దారిలో ఆగింది. ఒక స్విచ్చు మీద ఒక మనిషి చెయ్యి. ఆనాడు కూడా ఎక్కడో ఇంతే అయి ఉంటుంది. వేలు ముందుకు పోవడం లేదు, వెనక్కి రావడం లేదు.

పది పంతొమ్మిది.

టప్పుమన్న చప్పుడుతో తెర మధ్యకు ముడుచుకుని, చుక్కయి, ఆరిపోయింది. నెత్తి మీద ఫ్యాను నెమ్మదించి ఆగింది. సారు చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. స్విచ్చు వేసినది వేసినట్టే ఉంది.

సుక్కమ్మ పళ్లెం మీది పట్టు వదిలింది. "తీసిండు," అన్నది. "ఈసారి తీసిండు."

ఇంట్లో ఆ నిశ్శబ్దం కుదురుకున్నాక, సందు అవతల నాగులమ్మ రేడియో పాడుతూనే ఉన్న సంగతి సారు చెవిన పడింది.

"సార్, మీకాడ కరంటు లేదా? బజార్లంత ఉన్నది గద!" అంటూ నూరుద్దీన్ లోపలికొచ్చాడు. చంకలో సంచి, చేతిలో రూపాయి బిళ్లంత బ్యాటరీ. బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, ముఖమంతా దుమ్ము. ఇద్దరి ముఖాలూ చూసి నవ్వు తగ్గించాడు. పని చేసుకునేవాడు కాబట్టి మాటలకంటే ముందు మీటరు బోర్డు వైపు నడిచాడు.

"ఫీజు లేదు సార్."

"కాలిపోయిందా?"

"కాలుడు గాదు. ఫీజే లేదు. ఎవరో ఊడబెరికిండ్రు. ఇంట్లెవరెవరున్నరు?"

"మేమిద్దరమే."

"మరి మీరు తీసిండ్రా?"

సారు తల అడ్డంగా ఊపాడు. తాను యంత్రం ముందునుంచి లేవలేదు. సుక్కమ్మ పొద్దుటినుంచి ఆ పీట మీదే ఉంది. పైగా ఆమె చెయ్యి బోర్డు ముట్టుకుని ఏడాది దాటింది. నూరుద్దీన్ కింద వెతికాడు, మీటరు పైన తడిమాడు, తలుపు వెనక చూశాడు.

సుక్కమ్మ పళ్లెం పక్కన పెట్టి లేచింది. ఎక్కడుందో తెలిసినదానిలా మేకు దగ్గరికి పోయి, ఖాకీ అంగీ జేబులో చెయ్యి పెట్టి, తెల్లటి పింగాణీ ఫీజు తీసింది. నూరుద్దీన్ అందుకోబోయి, వేళ్లకు తగలగానే వెనక్కి లాక్కున్నాడు.

"వేడిగున్నదేందమ్మా ఇది! ఇప్పుడే తీసినట్టున్నది."

సుక్కమ్మ ఫీజును పిడికిట్లో పెట్టుకుని, పిడికిలిని కొంగులో పెట్టుకుంది.

మేకున ఉన్న అంగీ మెల్లగా ఊగుతోంది. ఫ్యాను తిరగడం లేదు, వాకిట్లో చిగురు కదిలేంత గాలి లేదు. నూరుద్దీన్ తాను వచ్చిన పనిని అడ్డం పెట్టుకున్నాడు.

"ఇగ జెప్పుండ్రి సార్. బ్యాటరీ తెచ్చిన, విండోసు గూడ తెచ్చిన. ఇవి ఏస్తే ఇయ్యాల్టి తారీకు పెట్టిస్త, ఇగ మళ్ల మిమ్ముల ఏం అడగది, దాన్దే అది పోతనే ఉంటది. డాసే ఉంచుమంటరా, ఉంచుత. లేవంగనే అడుగుతది, మీరు చెప్పుకోవాలె. ఏది ఏద్దాం? ఏ తారీకు వెడ్దాం?"

సారు ఆరిపోయిన తెర వైపు చూశాడు. దాని లోపల ఇంకా పది గంటల పంతొమ్మిది నిమిషాలే. నూరుద్దీన్ అరచేతిలో బ్యాటరీ మెరుస్తోంది. సారు నోరు తెరిచాడు.

"విండోసే..."

"ఆయనను అడగకు బిడ్డా," అన్నది సుక్కమ్మ. "నా కొడుకు చెయ్యి చెవికి అందకముందే, అందిందని రాసినోడు ఆయన. ఆయనను తేదీ అడగకు."